కరెంటు పోతే ఫోన్ మోగాలి

మిస్డ్ కాల్ గుర్తుందా? 2016లో జియో రాకముందు ఫోన్ వాడిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బ్యాలెన్స్ చూస్తే రూపాయి ఎనభై పైసలు. నెల్లూరు నుంచో చెన్నై నుంచో వస్తున్న తమ్ముడితో అన్న ముందే మాట్లాడుకునేవాడు: ‘నాయుడుపేట బస్టాండులో దిగంగానే ఒక మిస్డ్ కాల్ కొట్టు, నేను బండేసుకుని వస్తా.’ అంతే. ఆ తర్వాత అన్న భోంచేస్తాడు, టీవీ చూస్తాడు, కునుకు తీస్తాడు. ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. ఎత్తడు. చెప్పులేసుకుని బండి తీస్తాడు.

ఈవెంట్ లూప్, వాచర్, కాల్‌బ్యాక్ అంటూ ప్రోగ్రామింగ్ పుస్తకాలు భయపెట్టే మూడు ముక్కలూ ఇందులోనే ఉన్నాయి. ఫోన్ మోగడం ఈవెంట్. ఆ నంబర్ నుంచి మోగుతుందా అని కనిపెట్టుకుని ఉండేది వాచర్. మోగితే చెయ్యాల్సిందని ముందే అనుకున్న పని, అంటే బండేసుకుని వెళ్ళడం, కాల్‌బ్యాక్. ఇవన్నీ పెట్టుకుని ఇంట్లో ఖాళీగా కూర్చున్న అన్నే ఈవెంట్ లూప్. ఈ ఏర్పాటు లేకపోతే ఆయన రెండు నిమిషాలకోసారి తమ్ముడికి ఫోన్ చేసి ‘యాడున్నావ్? గూడూరు దాటినావా?’ అని అడుగుతూ ఉండాలి. దాన్ని పోలింగ్ అంటారు. బ్యాలెన్సూ పోతుంది, ఇద్దరికీ విసుగూ వస్తుంది.

ఇక్కడిదాకా సరదా. కానీ ఈ ఏర్పాటు సరిగ్గా పనిచెయ్యకపోతే ఒక్క రాత్రిలో ఒక కుటుంబం పంట మొత్తం పోయే చోటొకటి ఉంది. ఈ వారం అక్కడికే వెళ్దాం.

గుంట కాడ రాత్రి

నాయుడుపేట నుంచి తూర్పు దారి పడితే చిట్టమూరు, కోట, వాకాడు. సముద్రం దగ్గరపడే కొద్దీ వరి మళ్ళు తగ్గుతాయి, రొయ్యల గుంటలు మొదలవుతాయి. 2022 ఏప్రిల్లో కాగితాల మీద తిరుపతి జిల్లా అయ్యారు గానీ, ఆ పక్క మాటా, మనిషీ, రొయ్యా అన్నీ నెల్లూరువే.

నాయుడుపేటలో ఉండే బీటెక్ మూడో ఏడాది కుర్రాడొకడు, చిట్టమూరు వైపు వాళ్ళ పెదనాయనకి మూడు గుంటలు అనుకుందాం. రొయ్యకి గాలి నీళ్ళలోనే దొరకాలి. పగలు నీటిలోని నాచు, పచ్చటి సూక్ష్మజీవులు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తాయి. పొద్దు గూకితే ఆ తయారీ ఆగిపోతుంది. పైగా అవి కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకోవడం మొదలుపెడతాయి. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్, రైతులు ‘డీవో’ అనేది, తెల్లవారుజామున బాగా కిందికి దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గనివ్వొద్దని చెబుతారు. అందుకే రాత్రంతా ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతూ ఉండాలి. రెండున్నరకి కరెంటు పోయి, కాపలా ఉన్న మనిషికి నిద్ర పట్టేసి, జనరేటర్ వెయ్యకపోతే, రొయ్యలు వత్తుగా వేసిన గుంటలో గంటల్లోనే అంతా అయిపోతుంది. పొద్దున్నే చూస్తే గట్టు పొడుగునా ఎర్రబారిన రొయ్య.

‘కరెంటు పొయ్యిందని నాకెట్ట తెలిసేది అబ్బయ్యా?’ అని పెదనాయన అడిగితే, మన కుర్రాడు ‘నేను జేస్తా పెదనాయనా’ అన్నాడు. ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దానికి బ్యాటరీ, మూడు ఫేజులకీ మూడు రిలేలు, మూడు గుంటల్లో డీవో సెన్సార్లు, సిమ్ వేసే ఒక 4జీ మోడెమ్. మూడు రిలేలు ఎందుకంటే ఏరియేటర్ మోటార్లు త్రీ ఫేజువి. ఒక్క ఫేజు పోయినా ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంటుంది, గుంటలో మోటారు మాత్రం ఆగుతుంది లేదా కాలుతుంది. (ఈ వైరింగ్ పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. నీళ్ళూ కరెంటూ ఒకే చోట ఉన్నప్పుడు యూట్యూబ్ చూసి ప్రయోగాలు వద్దు.)

మొదటి ప్రోగ్రామ్ అందరూ రాసినట్టే రాస్తాడు. కరెంటు ఉందా చూడు. ఒకటో గుంట డీవో చదువు. రెండోది చదువు. మూడోది చదువు. ఏదైనా తేడా ఉంటే ఫోన్ చెయ్యి. నిమిషం పడుకో. మళ్ళీ మొదటికి రా. హాస్టల్ టేబుల్ మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

గుంట కాడ మొదటి వారంలోనే రెండో సెన్సార్ వైరు ఎలుక కొరుకుతుంది. ప్రోగ్రామ్ ‘రెండోది చదువు’ దగ్గర ఆగుతుంది. సెన్సార్ జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడుతుంది. అది ఎప్పటికీ చెప్పదు. ప్రోగ్రామ్ చావలేదు, తప్పు చూపలేదు, తెర మీద అంతా మామూలుగానే ఉంది. ఆ రాత్రి కరెంటు పోతే మాత్రం చూసేవాడు లేడు. కాపలా లేకపోవడం కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే కాపలా ఉందన్న ధైర్యంతో పెదనాయన ఇంటికెళ్ళి పడుకున్నాడు.

తిరగేసిన మంచె

జొన్న చేలో మంచె చూసే ఉంటారు. పైన కాపలా మనిషి, చేతిలో తాళ్ళు, చేను నలుమూలలా కట్టిన రేకు డబ్బాలు. పిట్టలు వాలితే తాడు లాగుతాడు, డబ్బాలు మోగుతాయి. ఈవెంట్ లూప్ ఈ మంచెకి తిరగేసిన బొమ్మ. తాళ్ళు అవే, లాగేది మాత్రం అవతలి వైపు నుంచి. మనిషి మంచె మీద పడుకుంటాడు. ఏ తాడు కదిలితే ఆ తాడుకి కట్టిన చీటీ చదువుతాడు, అందులో రాసిన పని చేస్తాడు, మళ్ళీ పడుకుంటాడు. తాడు వాచర్, చీటీ కాల్‌బ్యాక్. మనిషి ఒక్కడే. ఈ ఒక్కడే అన్న మాట గుర్తుంచుకోండి, ముందు ముందు గొడవంతా దీని మీదే.

ఈ మంచెని మనం కొత్తగా కట్టుకోనక్కర్లేదు. సీ భాషలో ‘లిబ్‌ఈవీ’ అనే చిన్న లైబ్రరీ ఉంది. మార్క్ లేమాన్ అనే ప్రోగ్రామర్ రాశాడు, 2007లో వచ్చింది. అంతకుముందే నీల్స్ ప్రొవోస్ మొదలుపెట్టిన ‘లిబ్‌ఈవెంట్’ ఉంది. లిబ్‌ఈవీలో దేనికైనా పద్ధతి ఒకటే. ముందు వాచర్‌కి దాని కాల్‌బ్యాక్ ఏదో చెప్పాలి. తర్వాత అది దేన్ని కాపు కాయాలో చెప్పాలి. తర్వాత స్టార్ట్ అనాలి. చివరికి ‘ఈవీ_రన్’ అని లూప్‌ని తిప్పాలి. స్టార్ట్ అనడం మర్చిపోయి, కాల్‌బ్యాక్ ఎందుకు రావట్లేదని రాత్రంతా తల పట్టుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తాడు కొని ఇంట్లో పెట్టుకుంటే చేను మోగదు కదా.

లూప్ ‘పడుకుంటుంది’ అన్నది ఉత్త పోలిక కాదు. లైనక్స్‌లో ‘ఈపోల్’ అనే ఏర్పాటు ఉంది, 2002లో కెర్నల్‌లోకి వచ్చింది. నా వాచర్లన్నీ ఇవీ, వీటిలో ఏదైనా కదిలితే లేపు అని లూప్ కెర్నల్‌కి అప్పజెప్పి నిజంగానే నిద్రపోతుంది. ఆ సమయంలో మన ప్రోగ్రామ్ సీపీయూని దాదాపు వాడదు. బ్యాటరీ మీద నడిచే బోర్డుకి ఇది ప్రాణం. అదే ‘వచ్చిందా, వచ్చిందా’ అని ఖాళీ లూపులో తిరిగే ప్రోగ్రామ్ అయితే ఏ పనీ చెయ్యకుండానే సీపీయూ నూటికి నూరూ తినేసి, కరెంటు పోయిన రాత్రే బ్యాటరీ కూడా దించేస్తుంది.

మూడు గుంటలకి ఏయే తాళ్ళు

ఫేజులతో మొదలుపెడదాం. లైనక్స్‌లో బోర్డు పిన్ను మార్పు కూడా ఒక ఫైలు లాగే కనిపిస్తుంది. పిన్ను మీద వోల్టేజ్ మారితే ఆ ఫైల్లో చదవడానికి ఒక కబురు వచ్చి పడుతుంది. కాబట్టి ‘ఈవీ_ఐఓ’ వాచర్ ఒక్కో ఫేజుకి ఒకటి. కబురు రాగానే కాల్‌బ్యాక్ దాన్ని చదవాలి, తప్పకుండా చదవాలి. చదవకుండా వెనక్కి వచ్చేస్తే, ఫైల్లో ఇంకా సరుకు ఉంది కాబట్టి లూప్ వెంటనే మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ పిలుస్తుంది. సీపీయూ మళ్ళీ నూరు శాతం. గేటు దగ్గర పోస్ట్‌మ్యాన్ ఉత్తరం పట్టుకుని నిలబడితే, ‘వచ్చావా, సరే’ అని తలుపేసుకుంటే ఆయన మళ్ళీ బెల్లు కొట్టకుండా ఉంటాడా?

మన పల్లెల్లో కరెంటు పోయి పది సెకన్లలో మళ్ళీ రావడం రోజువారీ వ్యవహారం. ప్రతిసారీ పెదనాయనకి ఫోన్ చేస్తే మూడో రోజు ఆ నంబర్ బ్లాక్ చేస్తాడు. అందుకే ఫేజు పోయిందన్న కాల్‌బ్యాక్ ఫోన్ చెయ్యదు. 20 సెకన్ల ‘ఈవీ_టైమర్’ ఒకటి స్టార్ట్ చేసి వెనక్కి వచ్చేస్తుంది. ఈలోపు కరెంటు వస్తే, వచ్చిందన్న కబురు ఆ టైమర్‌ని ఆపేస్తుంది. రాకపోతే టైమర్ మోగుతుంది, అప్పుడు ఫోన్. చూడండి, ఒక కాల్‌బ్యాక్ ఇంకో వాచర్‌ని మొదలుపెట్టింది, ఇంకో కాల్‌బ్యాక్ దాన్ని ఆపింది. ఈవెంట్ ప్రోగ్రామింగ్‌లో సగం పని ఇదే.

ఇక సెన్సార్లు. మూడూ ఒకే వైరు మీద ఉన్నాయనుకోండి. నిమిషానికోసారి ఒక టైమర్ లేచి ‘ఒకటో గుంటా, నీ డీవో ఎంత?’ అని ప్రశ్న రాసి పంపుతుంది. జవాబు కోసం నిలబడదు, వెనక్కి వచ్చేస్తుంది. జవాబు వచ్చినప్పుడు ఆ వైరు మీదున్న ఐఓ వాచర్ మోగుతుంది, దాని కాల్‌బ్యాక్ చదువుకుని రెండో గుంటని అడుగుతుంది. అసలు జవాబే రాకపోతే?

నా మటుకు ఈ మొత్తం లైబ్రరీలో అందమైన ముక్క ఇక్కడే ఉంది. నిశ్శబ్దానికి కూడా వాచర్ పెట్టొచ్చు. గుంటకొక టైమర్, 180 సెకన్లది. సెన్సార్ నుంచి జవాబు వచ్చిన ప్రతిసారీ ‘ఈవీ_టైమర్_అగైన్’ అని దాన్ని మళ్ళీ మొదటికి తిప్పాలి. జవాబులు సక్రమంగా వస్తున్నంత కాలం ఆ టైమర్ ఎప్పటికీ మోగదు. మూడు నిమిషాలు ఆ గుంట నుంచి ఉలుకూ పలుకూ లేకపోతేనే మోగుతుంది. ఎలుక వైరు కొరికితే తెలుస్తుంది, కన్వర్టర్ ఊడిపోతే తెలుస్తుంది, సెన్సార్‌కి తుప్పు పట్టి చచ్చిపోతే తెలుస్తుంది. ప్రశ్న అడిగిన వాడు కూడా జవాబు రాలేదని అక్కడే ఆగిపోకుండా, రెండు సెకన్ల ఇంకో చిన్న టైమర్ పెట్టుకుని, అది మోగితే పక్క గుంటకి వెళ్ళిపోతాడు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఫోన్ చేసే కొడుకు ఒక రోజు చెయ్యకపోతే అమ్మ ఊరుకుంటుందా? ఆమెకి ఏ కబురూ రాలేదు, రాకపోవడమే కబురు.

మూడు గుంటల నిశ్శబ్దానికి మూడు ఫంక్షన్లు రాయనక్కర్లేదు. ఒకే కాల్‌బ్యాక్ మూడు టైమర్లకీ ఇవ్వొచ్చు. లూప్ కాల్‌బ్యాక్‌ని పిలిచేటప్పుడు మోగింది ఏ వాచరో కూడా చేతికిస్తుంది. ఆ వాచర్‌లో ‘డేటా’ అని ఒక జేబు ఉంటుంది. స్టార్ట్ చేసే ముందే అందులో ఇది ఫలానా గుంట అని పెట్టుకుంటే సరి.

సీ భాష రాసే వాళ్ళకి ఒక హెచ్చరిక. లిబ్‌ఈవీ మీ వాచర్‌ని కాపీ చేసుకోదు, అది ఉన్న చోటు గుర్తుపెట్టుకుంటుంది అంతే. ఒక ఫంక్షన్ లోపల లోకల్‌గా వాచర్ పెట్టి, స్టార్ట్ చేసి, ఆ ఫంక్షన్ నుంచి బయటికి వచ్చేశారనుకోండి. ఆ చోట్లో ఇప్పుడు ఇంకెవరి సామానో ఉంటుంది. లూప్ పాత అడ్రసుకి వెళ్ళి తలుపు కొడుతుంది. ఒక్కోసారి వెంటనే కూలిపోతుంది, అది అదృష్టం. ఒక్కోసారి వారం రోజులు బాగానే నడిచి ఎనిమిదో రోజు కూలుతుంది. వాచర్‌ని ఆపేదాకా దాని ఇల్లు ఖాళీ చేయించకూడదు.

మనిషి ఒక్కడే

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాటకి వద్దాం. మంచె మీద మనిషి ఒక్కడే. ఒక చీటీ పని చేస్తున్నంతసేపూ మిగతా తాళ్ళు ఎంత లాగినా పట్టించుకోడు. కాల్‌బ్యాక్ పూర్తయి తిరిగొస్తేనే లూప్ తర్వాతది చూస్తుంది. వాచర్లకి మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా ప్రయారిటీ ఇవ్వొచ్చు, నిజమే. కానీ అది ఒకేసారి రెండు తాళ్ళు కదిలినప్పుడు ఏది ముందు అన్నదానికే. ఇప్పటికే నడుస్తున్న కాల్‌బ్యాక్‌ని మధ్యలో ఆపించే శక్తి దేనికీ లేదు.

కాబట్టి మన కుర్రాడు ఫోన్ చేసే కాల్‌బ్యాక్‌లో మోడెమ్‌కి ‘ఈ నంబర్‌కి కలుపు’ అని చెప్పి, అది కలిసేదాకా 30 సెకన్లు అక్కడే కూర్చుంటే, ఆ 30 సెకన్లూ మూడు గుంటలూ అనాథలే. మోడెమ్‌ది కూడా సెన్సార్ కథే కావాలి. కమాండ్ రాయి, వెనక్కి రా. ‘ఓకే’ అన్న జవాబు వస్తే ఐఓ వాచర్ చెబుతుంది. రాకపోతే టైమర్ చెబుతుంది, అప్పుడు మళ్ళీ ప్రయత్నించు. నేరుగా పై నుంచి కిందికి చదువుకునే ఒక కథని ఇలా ముక్కలు ముక్కలుగా కోసి, ఏ ముక్క దగ్గర ఉన్నామో మనమే గుర్తుపెట్టుకోవాలి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది. కాల్‌బ్యాక్‌లో కాల్‌బ్యాక్‌లో కాల్‌బ్యాక్ అయ్యి కోడు పక్కకి జరుగుతూ పోతుంది. జావాస్క్రిప్ట్‌లో, పైథాన్‌లో ఎసింక్, అవెయిట్ అని వచ్చాయి కదా, అవి ఈ ముక్కలని మళ్ళీ ఒక కథలా రాసుకోనిస్తాయి. రాత సుఖం వచ్చింది గానీ కింద మంచె మీద మనిషి ఇప్పటికీ ఒక్కడే.

దొంగచాటుగా ఆపేసేవి కొన్ని ఉంటాయి. డీవో లెక్కలు ఇంటర్నెట్‌లో ఎక్కడో దాచుకుందామని కుర్రాడు ఒక సర్వర్ పేరు రాశాడనుకోండి. ఆ పేరుని నంబర్‌గా మార్చే మామూలు ఫంక్షన్ జవాబు వచ్చేదాకా కదలదు. నెట్ లేనప్పుడు లైనక్స్ మామూలు సెట్టింగుల్లో ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు, రెండు ప్రయత్నాలు. నెట్ ఎప్పుడు ఉండదు? టవర్‌కి కూడా కరెంటు పోయినప్పుడు. అంటే సరిగ్గా మనకి లూప్ కావాల్సిన రాత్రే అది మొద్దు నిద్రలోకి పోతుంది. ఇలాంటి పనిని పక్కన వేరే థ్రెడ్‌కి అప్పజెప్పి, అయ్యాక లూప్‌ని లేపమనాలి. దానికి ‘ఈవీ_ఎసింక్’ అనే వాచర్ ఉంది.

ఇదంతా సీ ప్రోగ్రామర్ల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లో ప్రతి యాప్ కిందా ‘లూపర్’ అని ఇలాంటి మంచే ఉంది. దాని అడుగున కూడా అదే ఈపోల్. మీ వేలు తెర మీద పడటం ఒక ఈవెంట్. యాప్ రాసినవాడు ఏదో బరువైన పని ఆ మెయిన్ థ్రెడ్ మీద పెట్టేస్తే, మీ వేలికి 5 సెకన్ల దాకా జవాబు రాకపోతే, ‘యాప్ స్పందించడం లేదు, మూసెయ్యమంటారా?’ అని ఒక డబ్బా వస్తుంది చూడండి, అదే. సెకనుకి 60 బొమ్మలు గీసే తెర మీద ఒక్కో బొమ్మకి దొరికేది 16 మిల్లీసెకన్ల చిల్లర. రీల్స్ తోస్తుంటే ఎక్కడైనా కుదుపు వస్తే, ఎవరో ఒక కాల్‌బ్యాక్ ఆ 16 దాటి కూర్చుందని చాలాసార్లు అర్థం. 2009లో రయన్ డాల్ నోడ్ జేఎస్ తెచ్చినప్పుడు దాని లోపల మొదట వాడింది మనం చెప్పుకుంటున్న లిబ్‌ఈవీనే. తర్వాత విండోస్‌లో కూడా బాగా నడవాలని లిబ్‌యూవీ తయారు చేసుకున్నారు.

గడియారంతో పేచీ

లిబ్‌ఈవీలో సమయానికి రెండు రకాల వాచర్లు ఉన్నాయి, అవి ఒకటేనని అనుకోకండి. ‘ఈవీ_టైమర్’ అంటే ఇప్పటి నుంచి ఇన్ని సెకన్లకి అని. ‘ఈవీ_పీరియాడిక్’ అంటే గడియారంలో ఫలానా టైముకి అని. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద తేడా తెలియదు. గుంట కాడ తెలుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 5కి ముందు బోర్డుల్లో, కరెంటు లేకపోయినా నడిచే గడియారం లేదు. బోర్డు పూర్తిగా ఆగి మళ్ళీ లేస్తే, చివరిసారి తనకి తెలిసిన టైము దగ్గర నుంచి మొదలవుతుంది. నెట్ దొరికాక ఒక్కసారిగా రెండు మూడు గంటలు ముందుకి దూకుతుంది. నిమిషానికోసారి డీవో అడగడం, మూడు నిమిషాల నిశ్శబ్దం కొలవడం లాంటివి టైమర్‌కి ఇవ్వాలి, గడియారం దూకినా అది చలించదు. రోజూ తెల్లవారి 4 గంటలకి ‘మూడు గుంటలూ బాగున్నాయి’ అని మెసేజ్ పంపడం పీరియాడిక్‌కి ఇవ్వాలి. ఎందుకంటే పెదనాయనకి కావాల్సింది 4 గంటలే, బోర్డు లేచిన ఇన్ని గంటలకి కాదు.

ఇంకో వింత. లూప్‌కి కాపు కాయడానికి వాచర్ ఒక్కటి కూడా లేకపోతే ‘ఈవీ_రన్’ తిరిగొచ్చేస్తుంది, ప్రోగ్రామ్ అయిపోతుంది. తప్పేమీ లేదు, పని లేని చోట కూలి మనిషి ఎందుకుంటాడు? కానీ మీరు తప్పొచ్చినప్పుడల్లా వాచర్‌ని ఆపేసే కోడు రాశారనుకోండి, ఒక్కొక్కటే ఆగుతూ, చివరిది కూడా ఆగాక, ఏ గోలా లేకుండా ప్రోగ్రామ్ ఇంటికెళ్ళిపోతుంది. వాచర్ ఆపితే దాన్ని మళ్ళీ ఎవరు, ఎప్పుడు మొదలుపెడతారో ఆ పక్క లైన్లోనే రాసి ఉండాలి.

5 సెకన్ల ముందు

నాయుడుపేట మేడల మీద నుంచి రాకెట్ చూడని పిల్లలు తక్కువ. దక్షిణంగా సూళ్లూరుపేట, అక్కడి నుంచి తూర్పుకి పోతే శ్రీహరికోట. 2023 అక్టోబర్ 21 పొద్దున మేడలెక్కిన వాళ్ళకి ఆ రోజు గుర్తుంటుంది. గగన్‌యాన్ కోసం ఇస్రో చేసిన టీవీ-డీ1 పరీక్ష అది. ఆకాశంలో ప్రమాదం జరిగితే వ్యోమగాముల గదిని ఎలా తప్పించాలో చూసే పరీక్ష. 8 గంటలకి అనుకున్నది వాయిదాల మీద 8:45కి వచ్చింది. కౌంట్‌డౌన్ 5 సెకన్లకి వచ్చాక కంప్యూటర్ దాన్ని ఆపేసింది. రాకెట్ లేవలేదు. తర్వాత కారణం కనిపెట్టి, సరిచేసి, 10 గంటలకి ఎగరేశారు. గది అనుకున్నట్టే పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది.

ఆ రాకెట్‌కీ మన లిబ్‌ఈవీకీ చుట్టరికం ఏమీ లేదు. కానీ పద్ధతి చూడండి. ఆఖరి క్షణాల్లో రీడింగులని కాపు కాసేది మనుషులు కాదు, యంత్రాలు. తేడా కనబడ్డప్పుడు కంప్యూటర్ చేసిన పని ఒక్కటే: ఆపెయ్. ఎందుకు తేడా వచ్చింది, ఎలా బాగు చెయ్యాలి అన్న పెద్ద ఆలోచన ఆ 5 సెకన్లలో అది చెయ్యలేదు. అది తర్వాత మనుషులు తీరిగ్గా చేశారు. కాల్‌బ్యాక్ అంటే నేను చెప్పేది ఇలా ఉండాలనే. డీవో 4 కంటే దిగిందా, ‘దిగింది’ అని ఒక చోట రాసుకుని, ఫోన్ పని మొదలుపెట్టి వెనక్కి రావడం. వారం రోజుల గ్రాఫు గియ్యడం, సగటు తియ్యడం, రైతుకి సలహా తయారు చెయ్యడం ఆ కాల్‌బ్యాక్ పని కాదు.

కాపలావాడికి కాపలా

ఇంత చేశాక కూడా లూపే బిగుసుకుపోతే? వాచర్లన్నీ లూప్ లోపలే ఉన్నాయి కాబట్టి లూప్ ఆగిందని చెప్పే వాచర్ లూప్‌లో ఉండలేదు. అది బయట ఉండాలి. రాస్ప్‌బెర్రీ పై చిప్‌లోనే ‘వాచ్‌డాగ్’ అని ఒక హార్డ్‌వేర్ టైమర్ ఉంది. దాన్ని ఒకసారి లేపాక, కొన్ని సెకన్లకోసారి ఎవరో ఒకరు తట్టి ‘ఉన్నాను’ అనాలి. గరిష్ఠంగా 15 సెకన్లు ఆగుతుంది. అప్పటికీ ఎవరూ తట్టకపోతే బోర్డునే రీస్టార్ట్ చేసేస్తుంది. కుర్రాడు లూప్‌లో 5 సెకన్ల టైమర్ ఒకటి పెట్టి, దాని కాల్‌బ్యాక్‌లో వాచ్‌డాగ్‌ని తట్టాలి. ఏ కాల్‌బ్యాక్ అయినా 15 సెకన్లు మొండికేస్తే టైమర్ మోగదు, కుక్కకి తట్టు పడదు, బోర్డు లేచి మొదటి నుంచి మొదలవుతుంది. కొంతమంది ఈ తట్టే పనిని వేరే థ్రెడ్‌లో పెడతారు. అప్పుడు లూప్ చచ్చినా కుక్కకి అన్నం పడుతూనే ఉంటుంది, పెట్టిన ఉపయోగమే పోతుంది.

అన్నీ అయ్యాక పరీక్ష పగలే చెయ్యాలి. ఒక్కో ఫేజు ఫ్యూజు పీకి చూడండి. సెన్సార్ వైరు లాగి, మూడు నిమిషాల తర్వాత ఫోన్ వస్తుందో లేదో చూడండి. సిమ్ తీసేసి, డీవో చదవడం ఆగకుండా నడుస్తుందో లేదో చూడండి. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ‘స్టాప్’ సిగ్నల్ పంపి, 15 సెకన్లలో బోర్డు తనంతట తానే లేస్తుందో లేదో చూడండి. రెండున్నర రాత్రి జరగబోయేదంతా ముందు మధ్యాహ్నం రెండున్నరకి జరిపించాలి.

ఇక ఆఖరి తాడు పెదనాయన దిండు పక్కన ఉంటుంది. రాత్రుళ్ళు ఆయన ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టుకుంటే ఇంత కష్టమూ గుంట పాలే. ఆయన ఫోన్లో ఆ మోడెమ్ నంబర్‌ని కాంటాక్ట్‌గా వేసి, స్టార్ పెట్టి, స్టార్ ఉన్న వాళ్ళ కాల్స్ రానివ్వమని సెట్టింగ్స్‌లో చెప్పండి. ‘రిపీట్ కాలర్స్’ అని ఇంకోటి ఉంటుంది, అది కూడా ఆన్ చెయ్యండి. ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వస్తే ఫోన్ మోగనిస్తుంది. కాబట్టి కుర్రాడి కోడులో మొదటి కాల్ ఎత్తకపోతే 60 సెకన్ల టైమర్ ఒకటి వేసి రెండోసారి కొట్టాలి. రెండోదీ ఎత్తకపోతే మూడో కాల్ పెద్దమ్మకి.